సౌండు లేని వార్తలు

ఆ డబ్బా మా ఇంటి గోడ మీద పదకొండేళ్ళు ఉంది. చెప్పులు కొంటే ఇచ్చే అట్టపెట్టె అంత ఉంటుంది, బూడిద రంగులో. రాచర్ల నుంచి వచ్చే కేబుల్ వైరు మా వీధి చేరేసరికి బలం చాలక టీవీలో బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. మధ్యలో బలం అందించడానికి ఆ డబ్బా. దానికి కరెంటు మా వసారాలోని ప్లగ్గు నుంచి పోయేది. అందుకు బదులుగా మాకు కేబుల్ ఊరికే. అంటే మా వీధిలో నలభై ఇళ్ళ టీవీలు మా ఇంటి ప్లగ్గు మీద నడిచేవి. ఆ ఎండాకాలం దాకా ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టాక వదల్లేదు.

డబ్బా పెట్టినవాడు కేబుల్ కరుణాకరం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డబ్బా మొండికేసేది. వాడు బండి మీద వచ్చి సరిచేసి పోయేవాడు. నా భార్య వెంకటసుబ్బులమ్మ మజ్జిగ ఇచ్చేది. వాడు ఆమెను అత్తా అనేవాడు, నన్ను మామా అనేవాడు. మా ఊళ్ళో అందరూ అందరినీ ఏదో ఒక వరస పెట్టే పిలుస్తారు. కులం వేరైనా, మొక్కే దేవుడు వేరైనా వరస మాత్రం ఉంటుంది. నేనూ పలికాను.

మాకు ఒక్కతే కూతురు, రంగనాయకి. గిద్దలూరులో డిగ్రీ చదివింది. గొంతు బాగుందని కరుణాకరమే అక్కడి లోకల్ చానెల్‌లో వార్తలు చదివే పని ఇప్పించాడు. రోజూ సాయంత్రం ఏడింటికి పావుగంట. మొదట్లో నేనే వీధిలోవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి చూపించుకున్నాను. ఆ ఎండాకాలానికి ముందు మాఘమాసంలో వాళ్ళిద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. కరుణాకరం వాళ్ళు చర్చికి పోయే మనుషులు. మేము నెమలిగుండ్ల రంగస్వామికి మొక్కి కన్న బిడ్డకు ఆ స్వామి పేరే పెట్టుకున్నవాళ్ళం. ఇంతకంటే చెప్పను. ఆ రోజు నేనేమేం అన్నానో ఊరంతా విన్నది.

ఆ సాయంత్రమే సుబ్బులమ్మను దేవుడి పటాల ముందు నిలబెట్టాను. ఆమె చెయ్యి పట్టుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"దానితో మాట్లాడను అను. దాని మాట నా చెవిన పడనియ్యను అను. దాని గడప తొక్కను అను."

ఆమె మూడూ అంది.

"ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఇంకొకటి ఉందని నాకు రెండు నెలలకు తెలిసింది.

*

కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది అది. ఉగాది పోయి పది రోజులైంది. బర్రెలను కట్టేసి, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వచ్చాను. టీవీ నడుస్తోంది. సౌండు లేదు. తెర మీద నా కూతురు నీలం చీరలో కూర్చుని పెదవులు కదుపుతోంది. ఆమె కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: మార్కాపురం జిల్లా కోసం కొనసాగుతున్న దీక్షలు, బేస్తవారిపేటలో తాగునీటి ట్యాంకరు బోల్తా. సుబ్బులమ్మ చేటలో కందిపప్పు పెట్టుకుని కింద కూర్చుంది. పప్పులో చెయ్యి ఉంది గానీ ఏరడం లేదు.

"సౌండు తగ్గిస్తే నాకు తెల్దనుకున్నావా?" అన్నాను.

తల తిప్పలేదు. "నీకు తెల్దని కాదు."

"మరెందుకు తగ్గించినావు?"

"దాని మాట చెవిన పడగూడదన్నావు గదా. పడనియ్యలే. చూడనని నేను ఒట్టెయ్యలేదు. నువ్వడగలే."

నేను దొంగతనం పట్టుకున్నాననుకున్నాను. ఆమె ఒట్టును అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టుకుంటూ కూర్చుని ఉంది. జవాబు లేనివాడు చేసే పనే చేశాను. వసారాలోకి పోయి ప్లగ్గు పీకాను.

వీధి మొత్తం ఒక్కసారిగా మూగపోయింది. ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. తర్వాత పక్కింటి ఓబులమ్మ వదిన గోడ మీంచి తల పెట్టింది.

"ఒసే సుబ్బులమ్మా, మీకొస్తా ఉందా? ఆ కోడలు విషం గ్లాసు నోటికాడ పెట్టుకుందే. తాగిందో లేదో తెలియకపాయె!"

"కేబుల్ రాదు వదినా" అన్నాను నేను.

"ఎంతసేపు?"

"ఎంతసేపని కాదు. ఇంక రాదు."

ఆమె నా చేతిలోని ప్లగ్గును చూసింది. "నీ ఇంట్లో గొడవకు మా ఇంట్లో చీకటేంది మరిదీ?" అని తల దించేసుకుంది.

*

పొద్దున్నే కరుణాకరం వచ్చాడు. చూరు కిందే ఆగాడు. అంతకు ముందు నేరుగా వసారాలోకి వచ్చేవాడు.

"మామా, ప్లగ్గు ఊడినట్టుంది."

"ఊడలే. పీకినా."

"నా మీద కోపం నా మీద చూపించు. నలభై ఇండ్లోళ్ళు నాకు ఫోన్లు చేస్తా ఉండారు."

"నన్ను మామా అనొద్దు."

"పదకొండేండ్ల నుంచి అంటానే ఉండా గదా. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు?"

"అప్పుడది ఊరి పిలుపు."

"ఇప్పుడు నిజమైందనా నీకు నొప్పి?"

నేను చెప్పు తీయలేదు. తీయాలని చెయ్యి పోయింది. వాడు అది చూసి కూడా వెనక్కు జరగలేదు.

"సరే. కొత్త వైరు రాంగానే డబ్బా ఓబులమ్మ పెద్దమ్మ ఇంటికి మార్చుకుంటా. ఆయమ్మ ప్లగ్గు ఇస్తానన్నది" అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్ళు మండింది. కేబుల్ పక్కింట్లో వస్తే సుబ్బులమ్మ ఏడింటికి పక్కింట్లో కూర్చుంటుంది. సౌండు తగ్గించుకుంటుంది. ఒట్టు తప్పదు. అడ్డుకోవడానికి నా దగ్గర మాట ఉండదు.

ఆ రోజే బస్సెక్కి గిద్దలూరు పోయాను. బస్టాండు పక్కన కాటమరాజు దుకాణం ఉంది. టీవీలు బాగుచేస్తాడు, మిద్దెల మీద గొడుగులు పెడతాడు. డిష్షును మా వైపు గొడుగు అనే అంటారు.

"నెలనెలా ఎవురికీ కట్టే పని లేదు పెద్దనాయనా" అని మొదలుపెట్టాడు. "ఒకసారి గొడుగు తిప్పి బిగిస్తే అంతే. సర్కారోళ్ళ ఉచిత చానెళ్ళు. పద్యనాటకాలొస్తాయి, పంటల సంగతులొస్తాయి, దేవుడి కల్యాణాలొస్తాయి. పైగా ఈ బాక్సుకు పెన్‌డ్రైవ్ పెడితే నువ్వు పొలంలో ఉన్నా అదే పట్టి పెట్టుకుంటది. ఇంటికొచ్చి చూసుకో."

"గిద్దలూరు లోకల్ చానెల్ వస్తదా?"

"అదొక్కటి రాదు. అది కేబులోళ్ళది. అదొక్కటే లోటు."

"ఆ లోటే నాకు కావాల" అన్నాను.

వాడు నవ్వాడు. నేను ఎగతాళికి అన్నాననుకున్నాడు.

*

గొడుగు బిగించే రోజు నాకు బాగా గుర్తుంది. కాటమరాజు మిద్దె మీద గొడుగును జానెడు అటు, బెత్తెడు ఇటు తిప్పుతాడు. నేను మెట్ల మీద నిలబడి వాడి మాట లోపలికి అందించాలి. సుబ్బులమ్మ టీవీ ముందు కూర్చుని బొమ్మ వస్తే వచ్చిందని అరవాలి.

"వచ్చిందా?" అని కాటమరాజు.

"వచ్చిందా?" అని నేను.

"రాలే" అని సుబ్బులమ్మ.

ఎండ నడినెత్తికి వచ్చింది. కాటమరాజు చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. గొడుగు కాలు రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. వైరు మార్చాడు. అడిగిన ప్రతిసారీ లోపలి నుంచి అదే మాట, అదే గొంతుతో. చివరికి వాడు దిగి ఇంట్లోకి పోయాడు. నేనూ పోయాను. తెర మీద బొమ్మ అద్దంలా ఉంది. ఎవరో ఆఫీసరు వేరుశనగకు వచ్చే తెగుళ్ళ గురించి చెబుతున్నారు.

"ఏంది పెద్దమ్మా, ఇంత బాగా వచ్చింది గదా! అరగంట నుంచి నన్ను ఎండలో మాడ్చినావే!"

"నాకు కావాల్సింది రాలే నాయనా" అంది ఆమె.

కాటమరాజు నా వైపు చూశాడు. నేను వాడికి మంచినీళ్ళిచ్చి మాట మార్చాను.

రికార్డు చేసే పద్ధతి వాడు ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాడు. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. ఇంగ్లీషు బటన్లు చదవలేను. రంగుల లెక్కన రాయించుకున్నాను. చదివి వినిపించి వేలితో చూపించాడు. "పచ్చది నొక్కితే ఆడుతుంది. పసుపుది నొక్కితే పట్టుకుంటుంది. కొత్త పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ముందు ఎర్రది నొక్కు. తుడిచి శుభ్రం చేసుకుంటుంది. పాతదానికి మాత్రం ఎర్రది నొక్కొద్దు పెద్దనాయనా. ఉన్నదంతా పోతది. మళ్ళీ దేవుడు దిగొచ్చినా రాదు."

తర్వాత పదిహేను రోజులు నేను నా పొలం పని మానుకుని వీధి పని చేశాను. ఇంటింటికీ పోయాను. కేబులోడికి నెలనెలా ఎందుకు కడతారని అడిగాను. ఉడికే ఎండలో టీవీ లేకుండా ఉన్న జనం. ఒకరిని చూసి ఒకరు ఒప్పుకున్నారు. ఓబులమ్మ వదిన మాత్రం ఒప్పుకోలేదు.

"నా సీరియల్ దాంట్లో రాదంట గదా. నాకెందుకు నీ గొడుగు? నేను కరుణాకరానికి ప్లగ్గు ఇస్తానని మాటిచ్చినా."

ఆమె ఇంటికి గొడుగు నేనే కొని తెచ్చాను. మిద్దె మీద నేనే నిలబడి పెట్టించాను. ఊరికే వచ్చింది కాబట్టి ఆమె నోరు మూసుకుంది. ఒక్క ఇంటి కోసం రాచర్ల నుంచి వైరు నడిపేవాడు ఎవడూ ఉండడు. వైశాఖం వెళ్ళేసరికి మా వీధి మిద్దెల మీద గొడుగులన్నీ ఒకే వైపుకు మూతి పెట్టుకుని నిలబడ్డాయి. నేను మా మిద్దె ఎక్కి వాటిని చూసుకునేవాణ్ణి. పంట చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి.

సుబ్బులమ్మకు పద్యాలంటే ప్రాణం. పెళ్ళైన కొత్తలో కంభం దాకా బండి కట్టించుకుని నాటకానికి పోయిన మనిషి. ఆమె కోసం పద్యనాటకాలు పట్టాను. కల్యాణాలు పట్టాను. కాగితం చూడకుండా బటన్లు నొక్కడం నేర్చుకున్నాను. రోజూ సరిగ్గా ఏడింటికి పెట్టేవాణ్ణి, ఆ పావుగంట ఖాళీగా ఉండకూడదని.

"నీ కోసమే పట్టినా. రా, కూచో."

"నువ్వు చూడు" అనేది. లేచి వసారాలోకి పోయి కూర్చునేది. గోడ మీద ఆ డబ్బా ఇంకా ఉంది, దీపం ఆరిపోయి. ఆమె దాని వైపు మొహం పెట్టి కూర్చునేది. పోట్లాడలేదు. అన్నం మానలేదు. నాకు వేడి నీళ్ళు పెట్టడం మానలేదు. మాట అవసరమైనంత వరకే. ఆమె కోపం తగ్గుతోందని నాకు నేను చెప్పుకున్నాను.

*

మృగశిర కార్తెలో ఒక వాన పడింది. మర్నాడు కరుణాకరం నిచ్చెన తెచ్చాడు. వీధి వీధంతా వైరు దింపి చుట్టలు చుట్టాడు. చివరికి మా ఇంటి ముందుకు వచ్చి ఆగాడు.

"పెద్దాయనా, డబ్బా తీసుకుపోతా" అన్నాడు.

మామా అనలేదు. నేను వద్దన్న మాటే. వాడు వినిపించుకున్నాడు.

"తీసుకో" అన్నాను. "ఇంక ఈ ఊరి లైను?"

"ఇడిచిపెట్టినా. గిద్దలూరులో ఒకాయన దగ్గర నెట్టు లైన్ల పనికి పోతా ఉండా."

గోడ నుంచి నాలుగు మేకులు పీకాడు. డబ్బా ఉన్న మేర సున్నం తెల్లగా, కొత్తగా బయటపడింది. సుబ్బులమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. అల్లుడితో మాట్లాడకూడదని నేను ఒట్టు పెట్టించుకోలేదు. అయినా ఆమె మాట్లాడలేదు. వాడు తాగి గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె గ్లాసులోకి ఒకసారి చూసి లోపలికి పోయింది. నేను బర్రెల దగ్గరికి పోయాను.

సాయంత్రం ఏడింటికి నేను నాటకం పెట్టబోతుంటే ఆమె వచ్చి నా ముందు చెయ్యి చాచింది. అరచేతిలో ఎర్రటి పెన్‌డ్రైవ్. చీర కొంగుతో తుడిచినా ఇంకా మజ్జిగ వాసన ఉంది.

"ఏందది?"

"గ్లాసులో ఏసిచ్చినాడు. బిడ్డ పంపింది. అది చదివిన వార్తలై ఉంటాయి. నాకేమన్నా చెప్పిందేమో."

"ఒట్టేసినావు."

"అందుకే గదా నీకిస్తా ఉండా. ఓబులమ్మ ఇంట్లో పెట్టించుకోలేకనా? ఒట్టు పెట్టించుకున్నోడివి నువ్వు. తీసేయాల్సిందీ నువ్వే. నీ చేత్తో పెట్టు. సౌండు పెట్టు. ఒక్కసారి వింటా. మళ్ళీ నిన్నడగను."

ఆమె టీవీ ముందు కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చుంది. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరో ఇంటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంది.

నేను పెన్‌డ్రైవ్ పెట్టాను. తెర మీద చిన్న చిన్న బొమ్మలు వరసగా వచ్చాయి. అన్నిటిలో నీలం చీర. కాగితం నాకు అక్కర్లేదు. పచ్చది ఎక్కడుందో తెలుసు, ఎర్రది ఎక్కడుందో తెలుసు. ఎర్రది నొక్కాను. అవునా కాదా అని అడిగింది. మళ్ళీ నొక్కాను.

ఒక గీత ఎడమ నుంచి కుడికి పాకింది. పదిహేను లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. పొరపాటున నొక్కి ఉంటాడని తర్వాత కొందరు అన్నారు. అది వాళ్ళ మంచితనం. నేను అనను.

"ఏం లే దీంట్లో" అన్నాను. "ఖాళీది."

"ఖాళీదా? ఏమో బొమ్మలు కనపడినట్టుండె."

"అవి బాక్సువి. ఇప్పుడు చూడు."

ఆమె తెర చూసింది. తర్వాత నన్ను చూసింది. తెరను చూసినదానికంటే ఎక్కువసేపు చూసింది. చెయ్యి చాచింది. పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను. కొంగు చివర ముడి వేసి దోపుకుంది.

"ఖాళీదైతే నీకెందుకు?" అన్నాను.

"బిడ్డ పంపింది గదా" అంది.

*

ఆషాఢంలో సుబ్బులమ్మ పోయింది. కంది విత్తి వచ్చిన మర్నాడు. వాకిట్లో కళ్ళాపి చల్లుతూ, చెంబు పట్టుకునే కూలబడింది. అంబులెన్సు వచ్చింది. గిద్దలూరు చేరకముందే అయిపోయింది. జబ్బు లేదు, మంచం లేదు. నాతో చెప్పడానికి ఏమైనా ఉందేమో తెలియదు.

ఆడవాళ్ళు స్నానం చేయించేటప్పుడు ఓబులమ్మ వదిన కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. "ఏందో మరిదీ, దీన్ని నెలరోజుల నుంచి ఏ చీర కడితే ఆ చీరకు మార్చి కట్టుకుంటా ఉండె" అంది.

రంగనాయకి వచ్చింది. కరుణాకరం బండి మీద వచ్చింది. ఇంట్లోకి రాలేదు. వీధిలో, ఓబులమ్మ ఇంటి గోడ పక్కన నిలబడి దూరం నుంచే తల్లిని చూస్తోంది. శాలువా లాంటిదేదో ఒంటి చుట్టూ కప్పుకుంది. నా మీద కోపంతో గడప తొక్కడం లేదనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే నేను లేచి ఆమె దగ్గరికి పోయాను. ఆరు నెలల తర్వాత.

ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. నన్ను చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

"నాయనా, నేను పంపింది అమ్మ చూసిందా?"

ఆమె తల్లి లోపల చాప మీద ఉంది. నిజం చెప్పే చోటు అది కాదనుకున్నాను. బిడ్డకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నాను. నా జన్మలో ఒక్కసారి మెత్తని మాట అన్నాను.

"చూసింది. రోజూ పెట్టించుకుని చూసేది."

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"చూసి కూడా పంపలేదా?"

"ఏంది పంపలేదు?"

"చలిమిడి." శాలువా జరిగింది. అప్పుడు చూశాను. "ఐదో నెలలో చలిమిడి పెట్టమ్మా, కడుపు చల్లగా ఉంటదంటావు గదా, ఒట్టు తప్పొద్దు, నాతో మాట్లాడొద్దు, ఎవురి చేతనైనా పంపు అని దాంట్లో చెప్పినా. నెలంతా వాకిలి చూసినా."

శవం ఉన్న ఇంటి గడప కడుపుతో ఉన్న ఆడది తొక్కకూడదు. అందుకు బయట నిలబడింది. కోపం కాదు. కోపం నేను నేర్పాను, ఇప్పుడే, నా మెత్తని మాటతో, చచ్చిపోయిన తల్లి మీద.

అది అబద్ధమని అక్కడే చెప్పవచ్చు. నోరు తెరిచాను కూడా. పాడె కట్టేవాళ్ళు నన్ను పిలిచారు. పోయాను.

*

పెద్దదినం అయ్యాక ఓబులమ్మ వదినను అడిగాను, చలిమిడి కలిపిమ్మని.

"మైల ఇంటి చలిమిడి ఎవరు తింటారు? ఏండ్లొచ్చినాయి గానీ బుద్ధి రాలే నీకు" అంది. అంటూనే తన ఇంట్లో బియ్యం నానబోసింది. పిండి తనే కొట్టించి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు వేసి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. "ఇది సుబ్బులమ్మ చెయ్యాల్సిన పని" అని ఒక్క మాట అంది. అది చాలు.

గిద్దలూరులో వాళ్ళిల్లు రైలు కట్టకు ఇవతల. కరుణాకరం తల్లి సువార్తమ్మ తలుపు తీసింది. నేను ఎన్నడూ మాట్లాడించని మనిషి.

"రా అన్నా, లోపలికి రా. కూచో" అంది. డబ్బా చూసి అర్థం చేసుకుంది. "ఐదో నెలలో నేనే కలిపినానన్నా. మాకు అలవాటు లేని పని. పాకం ముదిరి రాయైపాయె. అయినా తినింది బిడ్డ, ఏడ్చుకుంటా, కొరుక్కుంటా." నవ్వబోయి ఆపుకుంది.

రంగనాయకి గది లోపలి నుంచి వచ్చింది. ఏడో నెల. నా ఎదురుగా నిలబడింది.

"అమ్మ చెప్పిపోయిందా ఇది?"

అవునంటే సరిపోయేది. తల్లీ కూతురూ కలిసిపోయేవాళ్ళు, నేనూ బయటపడేవాణ్ణి. మెత్తని మాట ఏం చేస్తుందో ఒకసారి చూశాను.

"లేదు. మీ అమ్మ చూళ్ళేదు. నా చేతికిచ్చి పెట్టమన్నది. ఎర్ర బటన్ నొక్కి నేనే తుడిచినా. ఖాళీదని చెప్పినా. ఆ పొద్దు నీకు చెప్పింది అబద్ధం."

సువార్తమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. రంగనాయకి ఏడవలేదు.

"అమ్మ నమ్మిందా?"

"తెల్దు. చచ్చేదాకా కొంగుకు కట్టుకుంది."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. "ఖాళీదే" అన్నాను.

"తెలుసు" అని తీసుకుంది. గుప్పిట్లో పట్టుకుంది. రెండో చేత్తో చలిమిడి డబ్బా నా వైపు జరిపింది. మూత కూడా తీయలేదు.

"ఇది తీసకపో."

"నేను కలిపింది కాదు. ఓబులమ్మ కలిపింది."

"ఎవురు కలిపినా, తెచ్చింది నువ్వు."

"తప్పమ్మా, నాయన గదా" అని సువార్తమ్మ అనబోయింది.

"నువ్వుండత్తా."

ఆ గొంతు పెద్దది కాలేదు. వార్తలు చదివే గొంతు అది కాదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. వసారాలో ప్లగ్గు పట్టుకుని ఇంక రాదని చెప్పినవాడిది. నా నుంచి దానికి వచ్చిందే. డబ్బా తీసుకుని లేచాను. క్షమించమని అడగలేదు. నేనెవరినీ క్షమించలేదు కాబట్టి అడిగే వరస నాకు తెలియదు.

మాఘానికి ముందే ఆడపిల్ల పుట్టిందని ఓబులమ్మ వదిన చెప్పింది. పేరు ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. రంగనాయకి వార్తలు చదవడం మానేసిందట. చదివినా చూడటానికి మా వీధిలో వైరు లేదు. కేబుల్ వేయమని గిద్దలూరు పోయి ఇంకొకాయన్ను అడిగాను. ఒక్క ఇంటికి రాదన్నాడు.

గోడ మీద డబ్బా మచ్చ తెల్లగా అలాగే ఉంది. రెండుసార్లు సున్నం వేయించినా, అంత మేర వేయొద్దని చెప్పాను. ప్లగ్గు ఖాళీగా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి టీవీ పెడతాను. సౌండు తీసేస్తాను. ఎవరో తెలియని అమ్మాయి పెదవులు కదుపుతుంటుంది. పావుగంట చూసి కట్టేస్తాను.